కుర్చీ వ్యాయామాలకు వచ్చిన పేరు

పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలు ఉందనగా, ఒక జూన్ మొదటి వారంలో నన్ను బోధన్‌కు డిప్యుటేషన్ మీద వేశారు. డిప్యుటేషన్ అంటే పేరు ఒక ఆఫీసులో, మనిషి ఇంకో ఊళ్లో. నా పేరు నిజామాబాద్‌లోని ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలోనే ఉండిపోయింది. నేను మాత్రం ప్రతి మంగళవారం, శుక్రవారం పొద్దున బస్సెక్కి బోధన్ వెళ్లి, చక్కెర ఫ్యాక్టరీ పాత కార్మికులు ఉండే ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో వృద్ధులకు వ్యాయామాలు చేయించాలి. కార్యక్రమం లక్ష్యం ఉత్తర్వులో ఒకే వాక్యంలో ఉంది: బలహీన వృద్ధులు పడిపోకుండా నివారించుట. దాంతోపాటు పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక స్టాప్‌వాచీ, కొలత టేపు, హాజరు రిజిస్టరు, గోడకు తగిలించే ఒక చార్టు ఇచ్చారు. చార్టులో కుర్చీలో కూర్చుని చేసే ఎనిమిది వ్యాయామాలు బొమ్మలతో ఉన్నాయి. బొమ్మల్లోని ముసలాయన ప్యాంటూ షూ వేసుకుని నవ్వుతూ ఉన్నాడు. ఆ కాలనీలో అలాంటి ముసలాయన ఒక్కరూ లేరు.

'బలహీన వృద్ధులు' అన్న మాటకు మా వృత్తిలో ప్రత్యేకమైన అర్థం ఉంది. అది జబ్బు కాదు. కండ తగ్గుతుంది, నడక వేగం తగ్గుతుంది, ఆకలి తగ్గుతుంది. ఒంట్లో నిల్వ ఉండాల్సిన సత్తువ అయిపోవస్తుంది. అలాంటి మనిషి మామూలు రోజుల్లో బాగానే కనిపిస్తాడు. రెండు రోజులు జ్వరం వచ్చినా, గడప తగిలి ఒకసారి పడ్డా, మళ్లీ మునుపటి మనిషి కాలేడు. మేం దాన్ని కొలిచే పద్ధతి చాలా సాదాది. కుర్చీలోంచి లేవాలి, మూడు మీటర్లు నడవాలి, వెనక్కి తిరగాలి, వచ్చి కూర్చోవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటాం. ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఎక్కువ.

మొదటి రోజు పంతొమ్మిది మంది వచ్చారు. వాళ్లను ఇల్లిల్లూ తిరిగి పోగుచేసింది ఆ కాలనీ ఆశా కార్యకర్త సుజాత. అందరిలోకీ ఎక్కువ సమయం పట్టింది లచ్చవ్వకు. డెబ్బై దాటిన మనిషి. ఊహ తెలిసినప్పటి నుంచీ చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టింది. వేళ్లు ఇప్పటికీ చురుకే, మోకాళ్లే మొరాయించాయి. అంతకు ముందు ఏడాది స్నానాల గదిలో కాలు జారి పడింది. ఎముకలేమీ విరగలేదు. కాని ఆ రోజు నుంచి గోడ పట్టుకోకుండా అడుగు వేయలేదు. పడతానేమోనన్న భయం కూడా మాకు ఒక రోగ లక్షణమే. భయంతో కదలరు, కదలక కండ కరుగుతుంది, కండ కరిగి నిజంగానే పడతారు. లచ్చవ్వకు ముప్పై ఒక్క సెకన్లు పట్టింది. అదే వయసులో గట్టిగా ఉన్న మనిషికి అందులో సగం కూడా పట్టదు.

ఫారంలో అడగమని లేకపోయినా, అలవాటు కొద్దీ ఆమెను అడిగాను, ఏం చేయగలిగితే చాలనుకుంటున్నావు అవ్వా అని.

"ధర్పల్లిల మా చెల్లె ఉన్నది సారూ. దాని మొకం సూడక ఏడాదాయె. బస్సెక్కుడే ఐతలేదు. ఆ మెట్టు మీదికి కాలు లేస్తలేదు. కండక్టరు జల్ది జల్ది అంటే గుండె దడదడ కొట్టుకుంటది" అంది.

ఆ జవాబు రాయడానికి ఫారంలో గడి లేదు. రాయలేదు.

చార్టు ప్రకారం మొదలుపెట్టాను. మడమలు ఎత్తడం, దించడం. మోకాలు చాపడం, మడవడం. ఒక్కొక్కటీ పదిసార్లు. రెండో వారానికే ఫ్యాక్టరీలో క్రషింగు దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన గంగారాం తన అభిప్రాయం చెప్పేశాడు.

"చెరుకు బండ్లు లైను గట్టి ఉంటే రెండు షిఫ్టులు నిలవడి పనిజేసినోణ్ణి సారూ. ఇప్పుడు కుర్సీల కూసోని కాళ్లాడియ్యాల్నా? గిది మా మనుమరాలు గూడ సేస్తది, అన్నం తినుకుంట."

గంగారాం తుంటి నొప్పితో కర్ర పట్టుకుని నడిచేవాడు. అయినా ఆయన మాటకు కాలనీలో విలువ ఉంది. మూడో వారానికి పంతొమ్మిది మంది ఆరుగురయ్యారు. నేను ఉత్తర్వులో ఉన్న 'ప్రేరణ కల్పించుట' అన్న పదాన్ని గుర్తుచేసుకుని వాళ్లకు ఒక ఉపన్యాసం ఇచ్చాను. శుక్రవారానికి నలుగురయ్యారు.

జూలైలో ఒక మంగళవారం జోరువాన పట్టుకుంది. కరెంటు పోయింది. వచ్చిన వాళ్లు ఇళ్లకు పోలేక, హాల్లో చీకట్లో కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి వాన చూస్తున్నాను. వెనక ఎవరో సన్నగా పాట అందుకున్నారు. ఇంకో ఇద్దరు గొంతు కలిపారు. తిరిగి చూస్తే లచ్చవ్వ లేచి నిలబడి ఉంది. పక్కకు ఒక అడుగు వేసి, నడుం కాస్త వంచి, చప్పట్లు కొట్టింది. మళ్లీ ఒక అడుగు. చప్పట్లు కొట్టాలంటే రెండు చేతులూ కావాలి. గోడ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. ఆ సంగతి ఆమెకు గుర్తున్నట్టు లేదు.

అది మా ప్రాంతంలో ప్రతి ఆడమనిషీ చిన్నప్పటి నుంచీ వేసే బతుకమ్మ అడుగే. మా సొంతూరు వేల్పూరులో ఇంటి ముందు మా అమ్మ, పెద్దమ్మలు వేస్తుంటే ఏటా చూసినవాణ్ణే. అందులో ఒంటి బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతుందని, పక్క అడుగు ఉందని, వంగి లేవడం ఉందని, గుండ్రంగా తిరగడం ఉందని, పైగా పాట గుర్తుపెట్టుకుంటూ ఇదంతా చేయాలని మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. ఈ ఐదింటినీ విడివిడిగా నేర్పించడానికి మేం కాలేజీలో నాలుగేళ్లు చదువుకున్నాం.

శుక్రవారం వాళ్లను అడిగాను, కుర్చీలు పక్కకు పెట్టి ఇదే ఆడదామా అని. ఒకామె ముక్కు మీద వేలేసుకుంది. పండుగ ఇంకా నెలల దూరంలో ఉంది, ఇప్పుడు బతుకమ్మ ఆడితే నలుగురూ ఏమనుకుంటారు? తీర్పు లచ్చవ్వే చెప్పింది.

"పూలు లేనిది బతుకమ్మ ఎట్లయితది? గివి వట్టి అడుగులే. సారు అడుగులెయ్యమన్నడు, ఏస్తున్నం."

శాస్త్రం కుదిరింది. ఆగస్టు వచ్చేసరికి హాల్లో ఇరవై నాలుగు మంది. మగవాళ్లు మొదట గోడవార కూర్చుని నవ్వారు. గంగారాం ఖాళీ నూనె డబ్బా ఒకటి తెచ్చి తాళం వేయడం మొదలుపెట్టాడు. తాళం సరిగ్గా పడటం లేదని ఆడవాళ్లు తిడితే, కూర్చుంటే చెయ్యి ఆడదని నిలబడ్డాడు. నిలబడ్డవాడు అడుగు వేయకుండా ఎంతసేపు ఉంటాడు? కర్ర గోడకు ఆనించి వలయంలోకి వచ్చాడు. నన్నూ రమ్మన్నారు. సిబ్బంది పర్యవేక్షించాలే గాని పాల్గొనకూడదని చెప్పాను. నిజానికి నాకు అడుగులు రావు.

నేను చేసిన తప్పు ఒకటే. ఆ రోజు చేయించిన వ్యాయామం పేరు రాసే చోట, రిజిస్టర్లో, 'నృత్యం' అని రాశాను.

ఆగస్టు చివర మా ప్రోగ్రాం ఆఫీసరు తనిఖీకి వచ్చారు. హోదాలో నాకు రెండు మెట్లు పైన, వయసులో పదేళ్లు చిన్న. శ్రద్ధగా పనిచేసే డాక్టరు. రిజిస్టరు తిరగేస్తూ ఆ మాట దగ్గర ఆగారు.

"వీళ్లలో ఒకరు డ్యాన్స్ చేస్తూ పడితే ఎవరు బాధ్యులు?" అని అడిగారు.

వీళ్లు ఇంట్లోనూ పడుతున్నారు కదా మేడం అన్నాను.

"ఇంట్లో పడితే అది వయసు. మన హాల్లో పడితే అది మనం" అన్నారు.

ఆమె మాటలో వెటకారం లేదు. ఉద్యోగం తొలినాళ్లలో ఆమె డ్యూటీలో ఉండగా ఒక రోగి వార్డులో మంచం మీంచి పడ్డాడట. ఆ విచారణ రెండేళ్లు సాగిందట. అడుగులు ఆపి చార్టు ప్రకారమే చేయించమని రాసి సంతకం పెట్టి వెళ్లారు. నేను ఆ ఆదేశాన్ని, దాని కారణాన్ని ఉన్నదున్నట్టు మా వాళ్లకు చెప్పాను. గొడవ చేస్తారనుకున్నాను. లచ్చవ్వ "మంచిది సారూ" అంది. గంగారాం డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇక హాలు ఖాళీ అవుతుందని సిద్ధపడ్డాను. ఆశ్చర్యం, ఒక్కరూ మానలేదు. టైముకు వచ్చేవారు, కుర్చీల్లో సర్దుకునేవారు, కుర్చీ దొరకనివాళ్లు చాపల మీద కూర్చునేవారు, చెప్పినన్ని సార్లు మడమలు ఎత్తి దించేవారు. గంగారాం గట్టిగా అంకెలు కూడా లెక్కపెట్టేవాడు. మధ్యలో బతుకమ్మ పండుగ వచ్చింది. బోధన్‌లో ప్రతి వాడకట్టూ ఆడింది. మా హాల్లో మాత్రం బయటి నుంచి పాట వినిపిస్తుండగా కుర్చీల్లో కూర్చుని మోకాళ్లు చాపాం.

రెండు నెలల తర్వాత మళ్లీ కొలిచాను. దాదాపు అందరికీ సెకన్లు తగ్గాయి. లచ్చవ్వకు ముప్పై ఒకటి పదిహేడు అయింది. నమ్మలేక రెండోసారి నడిపించాను. పదహారున్నర. జూలై, ఆగస్టుల్లో వేసిన అడుగుల వల్ల కొంత వచ్చి ఉంటుందనుకున్నా, అది ఆపేసి రెండు నెలలైంది కాబట్టి ఆ ఫలితం చార్టుదేనని తేల్చుకున్నాను. నివేదికలో అదే రాశాను. ముప్పై మూడేళ్ల అనుభవంలో కుర్చీ వ్యాయామాలకు ఇంతటి ఫలితం చూడలేదని కూడా రాశాను. ఆ వాక్యం నిజం. చూడలేదు.

నివేదిక పైకి వెళ్లింది. నిజామాబాద్‌లో సమీక్షా సమావేశంలో నాకు శాలువా కప్పారు, మేడంకు ప్రశంసాపత్రం ఇచ్చారు. చార్టును పెద్ద ఫ్లెక్సీలుగా వేయించి మిగతా కేంద్రాలన్నిటికీ పంపారు. నేను గ్రాఫు చూపించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. కూర్చునే చేసే వ్యాయామాల సత్తా గురించి ఒక యువ ఫిజియోథెరపిస్టు సందేహం వెలిబుచ్చితే, అనుభవం వస్తే తెలుస్తుందన్నాను.

నవంబరులో ఒక బుధవారం, పక్షవాతం వచ్చిన ఒకాయన్ని ఇంటి దగ్గర చూడటానికి అదే కాలనీకి వెళ్లాల్సి వచ్చింది. అది నా డ్యూటీ రోజు కాదు. పని ముగించుకుని ఆటో కోసం నడుస్తుంటే నూనె డబ్బా చప్పుడు వినబడింది. చప్పుడు లచ్చవ్వ వాకిట్లోంచి వస్తోంది. ప్రహరీ మీంచి చూశాను. మా రిజిస్టర్లో ఉన్న ఇరవై నాలుగు మందిలో కనీసం ఇరవై మంది గుండ్రంగా తిరుగుతున్నారు. గంగారాం కర్ర ఎక్కడా కనిపించలేదు. సుజాత ఓ మూల నిలబడి ఉంది. ముందు నన్ను చూసింది ఆమే. మొహం పాలిపోయింది. ఒక్కొక్కరే ఆగారు. లచ్చవ్వ మాత్రం నేను అడగకముందే, తడబడకుండా చెప్పింది.

"మీ హాల్ల పడితే మీకు తిప్పలంటివి గద సారూ. అందుకే మా వాకిట్ల ఆడుతున్నం. ఈడ పడితే మా తిప్పలు."

ఎన్నాళ్లుగా అని అడిగాను. మేడం వచ్చి వెళ్లిన మర్నాటి నుంచి. రోజూనా? మంగళవారం, శుక్రవారం తప్ప రోజూ.

మరి ఆ రెండు రోజులూ హాలుకు ఎందుకొస్తున్నారని అడిగాను. మనుషులు తగ్గితే సుజాతకు మాట వస్తుందని ఒకామె చెప్పింది. గంగారాం ఇంకో కారణం చెప్పాడు.

"ఐదొద్దులు ఎగురుతం గద. ఆ రెండొద్దులు కుర్సీల కూసుంటే జర ఆరాం దొరుకుతది సారూ."

శాలువా కప్పించుకున్న నా వ్యాయామాలు వాళ్లకు సెలవు దినాలు.

ఆడమని చెప్పి అక్కడే కాసేపు నిలబడ్డాను. వృత్తి కన్నుతో చూశాను. వాకిలిలో ఇసుక, రాళ్లు లేకుండా ఊడ్చారు. చెప్పులు విప్పేశారు. నడక బాగాలేని ప్రతి మనిషికీ అటూ ఇటూ గట్టి మనుషులు నిలబడ్డారు. మొదట పాట నిదానంగా నడిచింది, ఒళ్లు వేడెక్కాక జోరందుకుంది, ముగించే ముందు మళ్లీ నెమ్మదించింది. నేను పద్ధతి రాసివ్వాల్సి వచ్చినా ఇంతకంటే వేరుగా రాసి ఉండను.

ఆ నివేదికను సరిదిద్దాలని తెలుసు. అయినా రెండు రోజులు కలం పట్టలేదు. సగం సిగ్గు. మిగతా సగం, నిజం రాస్తే వాకిట్లో ఆటను కూడా ఎవరైనా ఆపిస్తారేమోనన్న అనుమానం. సుజాతకు నోటీసు వస్తుందేమోనన్నది ఇంకొకటి. శుక్రవారం హాల్లో అందరి ముందూ ఈ సంగతి పెట్టాను. సుజాత తలవంచుకుని, మీ ఇష్టం సార్ అంది. లచ్చవ్వ ఒప్పుకోలేదు.

"ఆ పోరి పేరు రాయకు. మేమే ఆడినం, మేమే దాసినం. మిగిలింది ఉన్నదున్నట్టు రాయి. కని బంద్ జెయ్యమంటే మేం వినం, గది గూడ రాయి."

ఒక పేజీ ఉత్తరం రాశాను. మేడం నన్ను పిలిపించారు. ఉత్తరం ఆమె బల్ల మీద ఉంది, ప్రశంసాపత్రం ఆమె వెనక గోడ మీద ఉంది. ఫ్లెక్సీలు అన్ని కేంద్రాలకూ చేరిపోయాయని చెప్పారు. తెలుసన్నాను. చివరికి, నేనే వచ్చి చూస్తాను, నా ముందు ఆడించండి అన్నారు.

డిసెంబరు రెండో మంగళవారం వచ్చారు. ఆమె మాట్లాడతారని ఎవరో మైకు పెట్టించారు. ఇరవై నాలుగు మంది ఉన్న చిన్న హాలుకు మైకు అవసరం లేదు. దాని వైరు నేల మీద అడ్డంగా పడి ఉందని ఆట మొదలయ్యాక గాని ఎవరూ గమనించలేదు. మూడో చుట్టులో లచ్చవ్వ కాలు వైరుకు తగిలింది. ఆమె ముందుకు తూలింది. మేడం కుర్చీలోంచి లేచారు. నేను లచ్చవ్వను పట్టుకోవడానికి ఒక్క దూకు దూకాను.

లచ్చవ్వ పడలేదు. పక్కకు చకచకా రెండు అడుగులు వేసి నిలదొక్కుకుంది. మా పాఠ్యపుస్తకాల్లో దీన్ని రక్షణ అడుగు అంటారు. తూలిన మనిషి పడకుండా ఆపుకునేది దానితోనే. వయసు మీద పడ్డాక ఆ అడుగు మందగిస్తుంది. ఆమె దాన్ని వేయడమే కాదు, తర్వాతి చప్పట కూడా తప్పలేదు.

పడింది నేను. ప్లాస్టిక్ కుర్చీ కాళ్లకు చుట్టుకుని, ఎడమ చెయ్యి ఆనించి పడ్డాను. డబ్బా ఆగింది. "సారుకు ఎవ్వలన్న చెయ్యి పట్టుండ్రి" అని లచ్చవ్వ అనడం వినిపించింది. లేవదీసిన వాళ్లలో గంగారాం ఉన్నాడు. ఎక్స్‌రేలో మణికట్టు దగ్గర ఎముక విరిగిందని తేలింది. ఆరు వారాలు పిండికట్టు.

హాల్లో ప్రమాదాలు రాయడానికి వేరే రిజిస్టరు ఉండేది. అప్పటిదాకా అది ఖాళీ. మేడం తన చేత్తోనే మొదటి నమోదు చేశారు. 'పడినవారు: ఒకరు. వర్గం: సిబ్బంది. ఆ సమయంలో చేస్తున్న పని: పర్యవేక్షణ.' రాస్తున్నప్పుడు ఆమె నవ్వలేదు. సంతకం పెట్టాక నవ్వారు. మర్నాడే అనుమతి వచ్చింది. అందులో నృత్యం అన్న మాట లేదు. 'లయబద్ధ సమతుల్య శిక్షణ' అని ఉంది. ఇద్దరు గట్టివాళ్ల మధ్య ఒక బలహీనుడు ఉండాలన్న నిబంధన కూడా చేర్చారు. అది వాకిట్లో చూసి నేను ఉత్తరంలో రాసిందే. నేల మీద వైర్లు ఉండరాదన్న నిబంధన మేడం సొంతది.

మిగతా కేంద్రాల్లో ఫ్లెక్సీలు అలాగే ఉన్నాయి. నా సవరణ ఉత్తరాన్ని ఫైలులో చివరి పేజీగా కుట్టారు. మొదటి పేజీ ప్రశంసాపత్రం నకలు. ఫైళ్లను ఎవరూ చివరి నుంచి చదవరు.

ఫిబ్రవరిలో తుది కొలతలు తీశాం. ఇరవై మూడు మంది వచ్చారు. లచ్చవ్వ రాలేదు. ఏమైందని కంగారుగా సుజాతను అడిగాను.

"ధర్పల్లి పోయింది సార్. నాలుగు రోజులైంది. నిజామాబాద్‌ల బస్సు మారి, ఒక్కతే పోయింది. చెల్లె వాళ్లకు పసుపు ఉడకబెట్టే పనుందట, అది అయినంకనే వస్త అన్నది."

తుది కొలతకు రానివారికి ఫారంలో మూడే గడులు ఉన్నాయి: మరణం, వలస, గైర్హాజరు. గైర్హాజరు దగ్గర టిక్కు పెట్టాను. నిబంధన ప్రకారం ఆమె పాత సెకన్లను కూడా లెక్కలోంచి తీసేయాలి. అందరికంటే ఎక్కువ మెరుగుపడిన మనిషి తప్పుకోవడంతో మా కేంద్రం సగటు తగ్గింది. ఆ తగ్గుదలకు కారణం తెలపవలసిందిగా మెమో వచ్చింది. తెలిపాను. ఆగస్టులో రిటైరయ్యాను.

నా తర్వాత ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెప్పదగ్గది ఇంతే. స్టాప్‌వాచీ మార్పు వచ్చిందని చెబుతుంది, దేనివల్ల వచ్చిందో చెప్పదు. అది తెలియాలంటే నివేదిక రాయకముందే, మనం పిలవని రోజున, వాళ్ల ఇంటికి వెళ్లి చూడాలి.